ఓడ కూలీల బస్తా

ఈమధ్య మా కలెక్టరు కచేరీ రికార్డు గదిలో కొత్తగా చేరిన గుమాస్తా ఒకాయన నన్ను వెతుక్కుంటూ ఇంటికి వచ్చాడు. వెనకటి రోజుల్లో మన జిల్లాల నుంచి ఓడలెక్కి చెరుకు తోటల పనికి దీవులకు పోయిన కూలీల కాగితాలు ఏమైనా ఉన్నాయా అని ఎవరో పరిశోధకులు ఉత్తరం రాశారట. "కడపకూ ఓడలకూ ఏం సంబంధం సార్, లేవని రాసేద్దామా?" అని అడిగాడు. లేవని రాసేయడం ఎంత సులువో నాకు తెలిసినంతగా అతనికి తెలియదు. అతనికి చెప్పిన సంగతే ఇక్కడ మీ అందరి కోసం కాగితం మీద పెడుతున్నాను. ఇందులో నా గొప్పలేమీ లేవు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను చేసిన వెధవ పనుల్లో ఇదే పెద్దది.

నేను పుట్టింది కర్నూలులో, ఉద్యోగం చేసింది కడపలో. నేను చూసిన పెద్ద నీళ్లంటే వరదొచ్చినప్పటి తుంగభద్రే. సముద్రం ఇవాళ్టికీ చూడలేదు. స్వాతంత్ర్యం రావడానికి కొన్ని నెలల ముందు రిటైరయ్యేదాకా, మా కచేరీ వెనక ఉన్న ఆ పొడుగాటి గదిలోనే నా పొద్దు గడిచిపోయింది. కొయ్య అరలయితే చెదలు తినేస్తాయని గోడల పొడుగునా కడప బండలతోనే అరలు కట్టారు. వాటి మీద ఎర్రగుడ్డలో కట్టిన కాగితాల బస్తాలు పైకప్పు దాకా ఉండేవి. ఒక్కో బస్తాకూ సంవత్సరం, నంబరు రాసిన చీటీ వేలాడేది. కిటికీలు నా తలకు చాలా ఎత్తున ఉండేవి కాబట్టి బయట వాన కురుస్తున్నదీ లేనిదీ కూడా ఎవరైనా వచ్చి చెబితేనే తెలిసేది. మా దగ్గర వాన కురవడం అరుదు కనక ఆ ఇబ్బంది పెద్దగా రాలేదనుకోండి.

ఆ గదిలో ఇద్దరమే ఉండేవాళ్లం. నేను, దఫ్తరీ సాయిబు. చినిగిన కాగితాలు అతికించడం, బస్తాలు కట్టడం సాయిబు పని. పురుగు పట్టకుండా మైలుతుత్తం వేసి జిగురు తనే కాచుకునేవాడు. ఆయనకు ఎడమ చెవి వినిపించదు. నేను చేరిన కొత్తలో రెండేళ్ల పాటు ఆ ఎడమ వైపే కూర్చుని నా కష్టసుఖాలన్నీ చెప్పుకున్నాను. ఆయన మర్యాదకు తలూపుతూ ఉండేవాడు. సంగతి తెలిశాక కుడి వైపుకు మారాను గానీ అప్పటికి చెప్పుకోవలసినవన్నీ అయిపోయాయి. పెళ్లయిన మూడో ఏడు మా ఇంటిది విషజ్వరంతో పోయింది. పిల్లలు కలగలేదు. మళ్లీ చేసుకోమని అందరూ పోరారు, నాకు మనసు రాలేదు. ఆదివారం వస్తోందంటే నాకు దిగులుగా ఉండేది, ఎందుకంటే ఆ రోజు కచేరీ ఉండదు.

ఇక మా గది ఆచారం ఒకటి చెప్పాలి. పాత కాగితం ఏదైనా కావాలని అర్జీ పెట్టుకునేవాళ్లు ఆ కాగితం సంవత్సరం, నంబరు రాసి తేవాలి. నంబరు లేని అర్జీకి బస్తా విప్పేది లేదు. వేల బస్తాల్లో ఊరకే వెతకడం మనిషికి సాధ్యమయ్యే పని కాదు కాబట్టి ఆ ఆచారానికి కొంత న్యాయం లేకపోలేదు. కానీ అర్జీ అన్నాక జవాబు ఇవ్వాలి కదా. "వెతికి చూడగా ఆచూకీ దొరకలేదు" అని రాసి, ముద్ర వేసి ఇచ్చేవాళ్లం. పని తక్కువగా ఉన్న రోజుల్లో నేను ఆ వాక్యాన్ని పది పదిహేను కాగితాల మీద ముందుగానే రాసి పెట్టుకునేవాణ్ణి. పేరుకు మాత్రం చోటు వదిలేవాణ్ణి. నా దస్తూరీ బాగుంటుంది. ఆ కాగితాలు చూసి మా శిరస్తదారు గారు, అంటే కచేరీ గుమాస్తాలందరి మీద పెద్ద, ఒకసారి మెచ్చుకున్నారు కూడా.

ఆమె మొదటిసారి వచ్చింది అలాంటి ఒక తీరిక రోజునే. అరవై దగ్గర పడిన మనిషి, తెల్లచీర, చేతిలో గుడ్డసంచి. ఎర్రగుంట్ల అవతల ఒక పల్లెలో మిషన్ వాళ్ల ఆడపిల్లల హాస్టలులో వంట చేస్తుందట. చర్చి వాళ్లు ఏటా పెట్టే సాలు సభలకు కడప వచ్చి, పనిలో పనిగా కచేరీకి వచ్చింది. బడి అయ్యవారెవరో రాసిపెట్టిన అర్జీ నా ముందు పెట్టింది.

అర్జీలో ఉన్నది ఇది. ఆమె తల్లిది కోసిగి పక్కన ఒక పల్లె. యాభై ఏళ్ల కిందటి ధాత కరువులో ఇంట్లో వాళ్లంతా పోగా, మిగిలిన తల్లీ కూతురూ కూలికోసం రైలు కట్ట వెంబడి నడుచుకుంటూ కడప దాకా వచ్చారు. అప్పటికి బిడ్డకు ఆరేళ్లు. తల్లి బిడ్డను మిషన్ బంగళాలో వదిలింది. తర్వాత కనబడలేదు. దారిలో పడి చచ్చిపోయిందని కొందరు, ఓడల ఏజెంటు వెంట మద్రాసు పోయి దీవులకు ఓడెక్కిందని కొందరు అన్నారు. సర్కారు వారు దయతో కాగితాలు చూసి, ఏది నిజమో చెప్పవలెను. తల్లి పేరు ఫలానా. ఆ పేరు మా వైపు ప్రతి పల్లెలోనూ పదిమందికి ఉండే అమ్మవారి పేరు. గుర్తు ఏమనగా, కుడి ముంజేతి మీద కాలిన మచ్చ ఉండును.

కాగితం సంవత్సరం లేదు, నంబరు లేదు, మచ్చ మాత్రం ఉంది. నాకు నవ్వొచ్చింది. సర్కారు కాగితాల్లో మచ్చలు వెతకాలట అని సాయిబుతో అన్నాను. సాయిబు నవ్వలేదు. వినలేదో, విని నవ్వలేదో నాకు తెలియదు. నేను సొరుగు తీసి, రాసిపెట్టుకున్న కాగితాల్లోంచి ఒకటి లాగి, పేరు పూరించి, ముద్ర కొట్టి ఇచ్చాను. ఆమెకు చదువు రాదు, చదివి చెప్పమంది. చదివాను.

ఆమె కాసేపు నన్నే చూసి అడిగింది.

"ఎతికినాక లేదంటాండావా, ఎతక్కుండానే లేదంటాండావా అప్పా?"

"వెతికాకే లేదంటున్నానమ్మా" అన్నాను. పొద్దున కూర్చున్న పీట మీంచి నేను అప్పటికి లేవనే లేదు. అది ఆమె చూస్తూనే ఉంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

మరుసటేడు సభలకు వచ్చినప్పుడు మళ్లీ వచ్చింది. అదే అర్జీ, అదే జవాబు. ఆపై ఏడాది కూడా అంతే. మూడోసారి నాతో మాట్లాడనైనా మాట్లాడలేదు. కాగితం తీసుకుని మెట్ల మీద కాసేపు కూర్చుని లేచిపోయింది. ఆ తర్వాత రాలేదు. నేను ఆమెను మరిచిపోయానని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, మరిచిపోయాను.

తర్వాత కొన్నాళ్లకు గదిలో చోటు చాలడం లేదని, పదేళ్లుగా ఎవరూ అడగని పాత బస్తాలకు జాబితా కట్టి తగలబెట్టమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఏ బస్తా ఎప్పుడు విప్పామో రాసే పుస్తకం ఒకటి ఉండేది. దాన్ని ముందు పెట్టుకుని జాబితా నేనే కట్టాను. అందులో "వలస కూలీలు, రెండు బస్తాలు" అని ఒక వరుస ఉంది. పుస్తకం ప్రకారం వాటిని ఎవరూ ఎన్నడూ అడగలేదు. నిజానికి ఆమె మూడుసార్లు అడిగింది. కానీ నేను బస్తా విప్పలేదు గనక పుస్తకంలోకి ఎక్కలేదు, పుస్తకంలోకి ఎక్కలేదు గనక అడగనట్టే. ఈ లెక్కలో తప్పు ఎక్కడుందో కచేరీలో ఏ అధికారీ పట్టుకోలేడు. జాబితా మీద సంతకాలయ్యాయి.

ఎండాకాలంలో కాల్చడం మొదలుపెట్టారు. కట్టిన కాగితం అంత త్వరగా అంటుకోదు. విప్పి, విడదీసి, కొంచెం కొంచెంగా వేయాలి. అందుకని రెండు రోజుల పని. రెండో రోజు పొద్దున నేను గదిలో ఉండగా, కోస్తా వైపు కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరరు ఒకాయన పైవాళ్ల అనుమతి ఉత్తరం తీసుకుని వచ్చారు. సన్నగా, పొడుగ్గా, మాట్లాడితే ఎదుటివాడు తప్పు చేశాడేమో అనిపించే గొంతుతో ఉండే మనిషి. ఓడల చరిత్ర రాస్తున్నారట. కంపెనీ కాలం నుంచి మన రేవుల్లో ఏ ఓడ ఏ సరుకు ఎక్కించుకుందో చాలామంది రాశారు గానీ, ఎవరెవరిని ఎక్కించుకుందో ఎవరూ రాయలేదన్నారు. ఓడెక్కినవాళ్లలో సముద్రమంటే ఏమిటో ఎరగని కరువు సీమ వాళ్లే ఎక్కువ కాబట్టి తన వెతుకులాట రేవులో కాదు, ఇక్కడే మొదలవ్వాలన్నారు.

"వలస కూలీల బస్తాలు తియ్యండి" అన్నారు.

ఆయన్ను అక్కడే వదిలేసి వెనక పెరట్లోకి పరిగెత్తాను. అక్కడ శిరస్తదారు గారు గొడుగు కింద కుర్చీ వేయించుకుని, ఒడిలో జాబితా పెట్టుకుని ఒక్కో బస్తాకూ గీత కొడుతున్నారు. సాయిబు మంట దగ్గర ఉన్నాడు. ఇంకా కాల్చని వాటిలో వెతికితే వలస కూలీల బస్తా ఒకటే కనిపించింది. రెండోది ఏదని అడిగాను. సాయిబు నా వైపు చూడకుండా చెప్పాడు.

"నిన్ననే కాలింది సామీ. నా చేత్తోనే ఏసినా."

మిగిలిన ఒక్కదాన్నైనా ఇమ్మని శిరస్తదారు గారిని బతిమాలాను. ఆయన చెడ్డవాడు కాదు. ఉబ్బసం రోగి, భయస్థుడు. ఎన్ని బస్తాలు కాల్చామో సర్టిఫికెట్ మీద ముందే రాసి సంతకం పెట్టేశాననీ, ఒక్కటి తగ్గినా తన మెడకు చుట్టుకుంటుందనీ అన్నారు. ఇంతలో సాయిబు గదిలోకి పోయి, పాడైపోయిన పాత గెజిట్లను ఎర్రగుడ్డలో కట్టి తెచ్చి ఆ బస్తా ఉన్న చోట పెట్టాడు. అసలు బస్తా ఎత్తి నా చేతిలో పెట్టాడు. ఇదంతా శిరస్తదారు గారి కళ్లముందే జరిగింది. ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుని, లెక్క సరిపోయిందా అని అడిగారు. సరిపోయిందన్నాడు సాయిబు. అయితే సరేనని గీత కొట్టారు.

లెక్చరరు గారికి జరిగింది చెబితే కోప్పడతారనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది. "మీరు ఇన్నేళ్లూ గదికి కాపలా కాశారు గానీ, గదిలో ఏముందో చూసుకోలేదండీ" అని మాత్రం అన్నారు. మిగిలింది ఏజెంటు తెచ్చిన కూలీలను కడపలో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి రాయించిన రిజిస్టర్లు. వాటిలోని రాతలను బట్టి, కాలిపోయింది రేవు నుంచి తిరిగి వచ్చిన జాబితాలు. అంటే ఓడ నిజంగా ఎక్కిందెవరు, దారిలో పోయిందెవరు, అవతల ఒడ్డున దిగిందెవరు అనేవి.

ఆయన రెండు నెలలు మా గదిలోనే పనిచేశారు. నా ఉద్యోగంలో సంతోషంగా గడిచింది ఆ రెండు నెలలే. ఆయన అడుగుతుంటే నేను చదివేవాణ్ణి, నేను చదువుతుంటే ఆయన రాసుకునేవారు. చిన్న మాటకు కూడా ఇది ఎందుకు రాశారు, ఎవరు రాశారు అని నిలదీసేవారు. ఓడల్లో కూలీలకు ఏమేం ఇవ్వాలో రాసిన పాత నిబంధనల నకలు ఒకటి ఆయన దగ్గరుంది. ఒక మధ్యాహ్నం గది నిప్పుల కొలిమిలా ఉంటే, దాన్ని తీసి మాకు చదివి వినిపించారు. బియ్యం ఇంత, పప్పు ఇంత, తాగడానికి నీళ్లు రోజూ మనిషికి ఇంత అని కొలిచి ఇవ్వాలట. సాయిబు కుడి చెవి అటు పెట్టి విని, "ఊర్లో దొరకని నీళ్లు సముద్రం మీద ఇచ్చినారా" అన్నాడు. సముద్రం ఎలా ఉంటుందని నేను లెక్చరరు గారిని అడిగాను. సముద్రం పక్కనే పుట్టిన మనిషి కాసేపు ఆలోచించి, "గాలి జిగటగా ఉంటుంది" అని చెప్పి మళ్లీ కాగితాల్లో తల దూర్చారు.

రిజిస్టరులో ఒక్కో మనిషికీ ఒక్కో వరుస ఉంటుంది. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఆ తర్వాత ఒంటి మీద గుర్తులు. ఆ గుర్తులు ఎందుకని ఒక రోజు నేనే అడిగాను. ఒకరి పేరు మీద ఇంకొకరు ఓడెక్కకుండా ఉండడానికట. రేవులో డాక్టరు పేరు చూడడు, మచ్చ చూసి పంపుతాడు.

నాకు అప్పుడు గుర్తొచ్చింది ఆమె. కుడి ముంజేతి మీద కాలిన మచ్చ ఉండును అన్న అర్జీ, నేను నవ్విన నవ్వు, ఎతక్కుండానే లేదంటాండావా అన్న మాట. అన్నం తినడానికి కూడా లేవకుండా ధాత కరువు నాటి రిజిస్టరు అంతా తిప్పాను. మర్నాడు మధ్యాహ్నానికి దొరికింది. అదే పేరు. కోసిగి పక్క ఊరు. వయసు ఇరవై ఐదు. కుడి ముంజేతి మీద పాత కాలిన మచ్చ, నుదుట పచ్చబొట్టు. ఎవరి బలవంతమూ లేకుండా పోతున్నావా అంటే, అవును. భర్త, లేడు. పిల్లలు, లేరు.

నేను లెక్చరరు గారికి చూపించాను. ఆయనకు పట్టరాని సంతోషం కలిగింది. బతికున్న కూతురి మాటతో సరిపోయే వరుస దొరకడం అరుదట. పిల్లలు లేరని ఉంది కదా, ఈమె ఆమె కాదేమో అన్నాను. బిడ్డను వదిలి పోతున్నానంటే మేజిస్ట్రేటు ఒప్పుకునేవాడు కాదనీ, అందుకే ఆడవాళ్ల చేత ఏజెంట్లు అలా చెప్పించేవారనీ అన్నారు. ఆ వరుసను నోటు పుస్తకంలోకి ఎక్కించుకుంటూ ఆయన ఈలవేశారు. నేను మాత్రం పిల్లలు లేరన్న ఆ ఒక్క గడినే చూస్తూ ఉండిపోయాను. నా సర్వీసు రిజిస్టరులోనూ అదే గడి ఉంది, అందులోనూ అదే మాట ఉంది.

ఆయన వెళ్లిపోయారు. రెండు ఉత్తరాలు రాశారు. పుస్తకం వచ్చిందో లేదో నాకు తెలియదు. ఆయన కుర్చీ వేసుకున్న చోట నేల మీద నాలుగు గీతలు పడ్డాయి. సాయిబు వాటిని తుడవబోతే వద్దన్నాను. అంతకు ముందు ఒంటరిగా ఉన్నానని తెలియకుండానే ఒంటరిగా ఉండేవాణ్ణి. ఆ తర్వాత తెలుస్తూ ఉండింది.

ఆ వరుసకు తెలుగులో నకలు రాసుకున్నాను. అడుగున "అసలుకు సరి" అని రాసి సంతకం పెట్టాను. అర్జీ లేని నకలుకు కచేరీ ముద్ర వేయకూడదు కనక వేయలేదు. పోస్టులో పంపితే ఎవరో చదివి చెప్పాలి. ఆ పిల్లల గడి నలుగురిలో గట్టిగా చదివితే ఎలా ఉంటుందో అనిపించింది. రెండు రోజులు సెలవు పెట్టి ఎర్రగుంట్ల రైలెక్కాను. ఒక కాగితం కోసం నేను గది దాటి పోవడం అదే మొదలు.

స్టేషన్ నుంచి పల్లెకు నాపరాయి గనుల పక్కగా నడిచాను. చర్చి వెనకాల బండలతో కట్టిన ఒంటి గదిలో ఉంటోంది ఆమె. హాస్టలు పని మానేసింది. పెళ్లి చేసుకోలేదు, ఎవరూ లేరు. గడపలో కూర్చుని కొర్రలు చెరుగుతూ, నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"లేదని కాగితమిచ్చే అప్ప కదా నువ్వు" అంది.

అందులో ఎగతాళి లేదు. నాకు అదే పేరు అన్నట్టు అంది. కూర్చోమని చాప వేసింది. లోపలికి పోయి పాటల పుస్తకం తెచ్చింది. దాని మధ్యలోంచి నాలుగు మడతలు పెట్టిన మూడు కాగితాలు తీసి నా ముందు వరుసగా పరిచింది. మూడింటి మీదా అదే వాక్యం, అదే అందమైన దస్తూరీ. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అవ్వా, దొరికింది అన్నాను. నకలు తీసి, వేలు పెట్టి ఒక్కో గడే చదివాను. పేరుకు ఆమె కదలలేదు. ఊరికి తలూపింది. మచ్చ దగ్గరకు వచ్చేసరికి చేట కింద పెట్టింది.

"రొట్టె పెనం తగిలి కాలింది. నేనే అడ్డం పోయినా" అంది.

ఎవరి బలవంతమూ లేదన్న గడి చదివాను, భర్త లేడన్న గడి చదివాను. తర్వాతది వదిలేసి సంతకం చేసిన అధికారి హోదాకు పోయాను. ఆమెకు చదువు రాదు గానీ, ఆమె చూస్తున్నది నా వేలిని.

"ఆడ ఒక గడి దాటేసినావే" అంది.

అబద్ధం చెప్పాలనే అనుకున్నాను. కానీ ఆ మూడు కాగితాలూ ముందరే ఉన్నాయి. "పిల్లలు, లేరు" అని చదివాను.

గనిలో రాయి కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. లెక్చరరు గారు చెప్పినదంతా, ఏజెంట్లు అలా చెప్పించేవారనీ మేజిస్ట్రేటు ఒప్పుకునేవాడు కాదనీ, గబగబా చెప్పబోయాను. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది. మెల్లగా, నాతో కాదన్నట్టు చెప్పుకొచ్చింది.

"దొరసాని అమ్మానాయనా లేని బిడ్లనే తీసుకుంటాదని మాయమ్మకు ఎవురో చెప్పినారు. బంగళా కాడికి తీసకపోయి, 'అడిగితే అమ్మ లేదని చెప్పు, ఏడ్సద్దు' అనె. నేను అట్లే చెప్పినా. ఏడ్సలేదు. మాయమ్మ గేటుకాడ నిలబడుకోని ఇంటాండె. ఆయమ్మ ఇంటాండంగనే, నాకు అమ్మ లేదని చెప్పినా నేను."

అరవై ఏళ్లుగా ఆ మాట ఎవరికీ చెప్పలేదంది. తల్లి ఆ మాటకు కోపం వచ్చి వెళ్లిపోయిందని చిన్నప్పుడు అనుకునేదట. పెద్దయ్యాక అది నిజం కాదని తెలిసినా, మొదట అనుకున్నది పోలేదట.

"ఆయమ్మ గూడా నా మాదిరే చెప్పిందన్నమాట" అంది. ఆ కాగితం మీద చెయ్యి పెట్టింది. చెయ్యి తీయకుండానే అడిగింది.

"దాటిందా అప్పా? సముద్రం?"

నేను భయపడుతూ వచ్చింది ఈ ప్రశ్నకే. దాటిందో లేదో రాసిన జాబితా ఇంకొకటి ఉండేదనీ, కాల్చవలసిన వాటిలో దాన్ని నా చేత్తోనే రాశాననీ, ఇప్పుడది లేదనీ చెప్పాను.

"నేనొచ్చినప్పుడు ఉన్నిందా?"

"ఉంది."

"నువ్వు లేయలేదు."

"లేవలేదవ్వా."

తిడుతుందనుకున్నాను. ఆమె లేచి లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది. మావాళ్లు ఆ ఇళ్లలో నీళ్లు తాగరు. నేను తాగాను. చెంబు ఖాళీ అయ్యేదాకా చూసి, ఆ ఓడల్లో తాగను నీళ్లిస్తారా అని అడిగింది. కరువులో బుగ్గవంక ఇసకలో తల్లి చేతులతో తవ్వి, గుడ్డతో నీళ్లు పిండి తన నోట్లో పోసేదని, తను తాగడం ఎప్పుడూ చూడలేదని చెప్పింది. లెక్చరరు గారి నిబంధనలు నేను రాసుకున్న కాగితం నా జేబులోనే ఉంది. తీసి చదివాను. బియ్యం, పప్పు, ఉప్పు, నీళ్లు. మనిషికి కొలిచి ఇంత.

"దినామూనా?"

"దినామూ."

నీళ్ల మాట ఇంకోసారి చదవమంది. చదివాను. అది నిబంధన మాత్రమేనని, ఇచ్చారో లేదో తెలియదని చెప్పవలసిన మాట నా నోటి దాకా వచ్చింది, చెప్పలేదు. ఆమె కళ్లు తుడుచుకుని, నకలు నా వైపు జరిపి, ఇందాకటి గడి ఏదని అడిగింది. చూపించాను.

"ఆ గడిలో నన్ను రాయప్పా" అంది.

నకలు అంటే అసలులో ఏముందో అదే. అక్షరం మారిస్తే నేరం, ఉద్యోగం పోతుంది. ఇరవై ఏళ్లకు పైగా నేను ఆ నియమం తప్పలేదు. జేబులోంచి పెన్ను తీసి "లేరు" కొట్టేసి, పైన "ఒక కూతురు" అని రాశాను. మోకాలి మీద పెట్టుకుని రాశాను గనక ఈసారి దస్తూరీ బాగా రాలేదు. ఆమె రెండుసార్లు చదివించుకుంది. తర్వాత దాన్ని పాటల పుస్తకంలో పెట్టుకుని, చాప మీద పరిచిన మూడు కాగితాలూ మడతపెట్టి నా చేతికిచ్చింది.

"ఇవి నీవే, తీసకపో" అంది.

ఆమె ఇప్పుడు లేదు. మొన్న వచ్చిన ఆ కొత్త గుమాస్తాకు, మిగిలిన బస్తా ఏ అరలో ఉందో చెప్పి, పెట్టె తీసి ఆ మూడు కాగితాలూ చూపించాను. నేను ఉద్యోగంలో ఆమెకు రాసిచ్చిన దొంగ కాగితాలు నాలుగు. ఈ మూడింటి మీదా కచేరీ ముద్ర ఉంది. నాలుగోదాని మీద లేదు.